బిడ్డ బాగానే ఉన్నాడు, మరి మందెందుకు?

ప్రశ్న: మా బాబుకు ఇప్పుడు ఏడు వారాలు. నెలలు నిండాకే పుట్టాడు, బరువూ బాగానే ఉన్నాడు. పుట్టిన మూడో రోజు మడమ మీద సూదితో పొడిచి, నాలుగు రక్తపు చుక్కలు ఒక అట్ట మీద పట్టుకెళ్లారు. అందరికీ చేసే పరీక్షేలే అనుకున్నాం. నెల తిరిగేలోపు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. సికిల్ సెల్ జబ్బు ఉన్నట్టుంది, ఇంకోసారి రక్తం ఇవ్వాలన్నారు. రిపోర్టులో ‘ఎఫ్‌ఎస్’ అని ఉంది. రెండోసారి తీసిన రక్తం సంగతి ఇంకా తేలలేదు. ఈలోపే పెన్సిలిన్ మందు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టమన్నారు. ఐదేళ్లు ఇవ్వాలట! మాకిద్దరికీ ఏ జబ్బూ లేదు. బాబు బొద్దుగా ఉన్నాడు, పాలు తాగుతున్నాడు, పలకరిస్తే నవ్వుతున్నాడు. ‘మా వంశంలో ఎవరికీ లేదు, బంగారంలాంటి బిడ్డకు మందులు పోసి రోగిని చేయకండి’ అని మా అత్తగారు గొడవ. మావారేమో రాత్రంతా ఫోన్‌లో జీన్ థెరపీ గురించి చదువుతున్నారు, ఉన్నదంతా అమ్మైనా ఇప్పుడే చేయించేద్దాం అంటున్నారు. నాకైతే ఆ మందు సీసా చూస్తేనే ఏడుపొస్తోంది. నేను కడుపుతో ఉన్నప్పుడు ఏదైనా తప్పు చేశానా? ఇంకొకటి, మా ఆడపడుచుకు ఇప్పుడు మూడో నెల. చెబితే టెన్షన్ పడుతుందని ఇంట్లో అందరూ దాస్తున్నారు. చెప్పాలా, వద్దా?

— ఒక తల్లి

సమాధానం: అమ్మా, ముందు పని, తర్వాత మాటలు. ఆ పెన్సిలిన్ ఈ పూటే మొదలుపెట్టండి. రెండో రిపోర్టు వచ్చాక చూద్దాంలే అనుకోకండి. రేపు అందులో జబ్బు లేదని తేలితే మందు ఆపేస్తారు. నాలుగు రోజులు తాగినందువల్ల బాబుకు పెద్దగా పోయేదేమీ ఉండదు. ఉందని తేలితే మాత్రం, మందు లేకుండా గడిచిన రోజుల్ని వెనక్కి తెచ్చుకోలేం. మామూలుగా రెండు నెలలు నిండేసరికి ఇది మొదలవ్వాలంటారు. అంటే మీ డాక్టరు తొందరపడలేదు, సమయానికే చెప్పారు.

ఇక మీ అత్తగారి మాట. బిడ్డ బాగున్నాడని ఆవిడ అంటున్నది నిజమే. ఈ జబ్బుతో పుట్టిన పిల్లలు పుట్టగానే జబ్బుగా కనిపించరు. పాలు, నిద్ర, బరువు అన్నీ మామూలే. డాక్టరు చెయ్యి పెట్టి చూసినా ఏమీ దొరకదు. ఎందుకంటే, కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో ఉండేది మన ఒంట్లోలాంటి హిమోగ్లోబిన్ కాదు. తల్లి రక్తం నుంచి ఆక్సిజన్‌ని గట్టిగా లాక్కోగలిగే వేరే రకం. దాన్ని ఫీటల్ హిమోగ్లోబిన్ అంటారు, రిపోర్టుల్లో ‘ఎఫ్’ అని రాస్తారు. పుట్టిన రోజున బిడ్డ రక్తంలో 60 నుంచి 80 శాతం దాకా అదే ఉంటుంది. సికిల్ సెల్‌లో పాడైన జన్యువు పెద్దల రకం హిమోగ్లోబిన్‌కు సంబంధించినది. ఎఫ్ తయారీకి దానితో పని లేదు. పైగా ఎఫ్ తగినంత ఉన్న కణంలో పాడైన హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని పుల్లలుగా పేరుకోలేదు. అలా పేరుకుంటేనే కణం కొడవలిలా వంగుతుంది, సికిల్ అంటే కొడవలే. అందుకే మీ బాబు ఎర్రకణాలు ఇప్పటికి గుండ్రంగా, మెత్తగా, ఏ సన్నని రక్తనాళంలోనైనా దూరిపోయేలా ఉన్నాయి.

ఈ సంగతి మొదట కనిపెట్టింది బ్రూక్లిన్‌లో పనిచేసిన పిల్లల డాక్టరు జానెట్ వాట్సన్. తల్లుల రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోతున్నా పుట్టిన పిల్లల కణాలు అంతగా వంగకపోవడం చూసి, ఫీటల్ హిమోగ్లోబినే వాళ్లను కాపాడుతోందని 1948లో చెప్పారు. ఇప్పటి చికిత్సల్లో కొన్ని ఆ ఒక్క గమనిక మీదే నిలబడి ఉన్నాయి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

చిక్కేమిటంటే ఎఫ్ శాశ్వతంగా ఉండదు. పుట్టిన దగ్గర నుంచి తగ్గుతూ పోతుంది. దాని చోటులోకి మామూలు పిల్లల్లో పెద్దల రకమైన ‘ఎ’ వస్తే, మీ బాబు ఒంట్లో పాడైన సికిల్ రకం, అంటే ‘ఎస్’ వస్తుంది. ఐదారు నెలలకు ఎస్‌దే పైచేయి అవుతుంది. 120 రోజులు బతకాల్సిన ఎర్రకణాలు అప్పుడు పది ఇరవై రోజులకే పగిలిపోతాయి. గట్టిపడి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. అందుచేత ఇప్పుడు బాగున్నాడు కాబట్టి ఇకముందూ బాగుంటాడని అనుకోవడానికి లేదు. మీకు కొన్ని నెలలు ముందుగా తెలిసింది. ఆ మడమ పరీక్ష పెట్టిందే ఈ కొన్ని నెలలు చేతికి రావడం కోసం.

రిపోర్టులో అక్షరాలు ఏది ఎక్కువుంటే అది ముందు వచ్చేలా రాస్తారు. మామూలు బిడ్డకు ‘ఎఫ్‌ఎ’. ఒక్కరి నుంచే జన్యువు వచ్చి, జబ్బు లేకుండా కేవలం క్యారియర్‌గా ఉన్న బిడ్డకు ‘ఎఫ్‌ఎఎస్’. మీ బాబు రిపోర్టులో ‘ఎ’ అన్నదే లేదు. కాబట్టి ‘ఏదో కొంచెం తేడా’ అని సర్దిచెప్పుకోవడానికి వీల్లేని రిపోర్టు ఇది. రెండోసారి రక్తం ఎందుకంటారా, పేర్లు తారుమారయ్యాయేమో చూసుకోవడం ఒకటి. రెండోది, ఇద్దరి నుంచీ ఎస్ వచ్చిందా, లేక ఒకరి నుంచి ఎస్, మరొకరి నుంచి ‘ఎ’ని అసలు తయారుచేయనివ్వని బీటా తలసీమియా జన్యువు వచ్చిందా అన్నది తేల్చడం. ఆ రెండూ పైకి ఒకేలా ఉంటాయి, చికిత్సా దాదాపు ఒకటే. మీ ఇద్దరి రక్తం కూడా పరీక్షకు ఇస్తే తేల్చడం సులువవుతుంది.

ఇక పెన్సిలిన్ దగ్గరికి వద్దాం. ఐదేళ్లు అనగానే మీరు అదిరిపడటం సహజం. పొట్టలో ఎడమవైపు, పక్కటెముకల చాటున ప్లీహం అని ఒక అవయవం ఉంటుంది. రక్తంలో తిరిగే సూక్ష్మక్రిముల్ని జల్లెడ పట్టి ఆపేది అదే. సికిల్ సెల్‌లో అన్నిటికన్నా ముందు దెబ్బతినేది ఆ ప్లీహమే. వంగిన కణాలు దాని లోపలి సన్నని దారుల్లో ఇరుక్కుని, కొందరిలో ఆరు నెలల లోపే అది పనిచేయడం మానేస్తుంది. మొదటి పుట్టినరోజు అటూఇటూ అయ్యేసరికి చాలామంది పిల్లల్లో అది పేరుకే ఉంటుంది. నొప్పి ఉండదు, ఏడుపు ఉండదు, బయటికి ఏ సూచనా ఉండదు. ఆ తర్వాత న్యూమోకాకస్ అనే బాక్టీరియా రక్తంలోకి వస్తే ఆపే నాథుడు లేడు. ఉదయం ఆడుకున్న బిడ్డ సాయంత్రానికి చేజారిపోయే జ్వరం అది. వెనకటి రోజుల్లో ఈ పిల్లలు ఏ జబ్బుతో పోయారో కూడా తెలియకుండా పోయింది ఎక్కువగా దీనివల్లే.

పెన్సిలిన్ ఏం చేస్తుందో అమెరికాలో డాక్టర్ మర్లిన్ గాస్టన్ నాయకత్వంలో పరీక్షించి చూశారు. ఫలితాలు 1986లో వచ్చాయి. మూడు నెలల నుంచి మూడేళ్ల మధ్య పిల్లలు 215 మంది. 105 మందికి రోజూ రెండుసార్లు పెన్సిలిన్, 110 మందికి అలాగే కనిపించే ఉత్తుత్తి మందు. ఆ తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉత్తుత్తి మందు పిల్లల్లో 13 మందికి వచ్చింది, ముగ్గురు చనిపోయారు. పెన్సిలిన్ తాగిన పిల్లల్లో ఇద్దరికే వచ్చింది, ఎవరూ పోలేదు. తేడా ఇంత స్పష్టంగా కనబడ్డాక మిగతా పిల్లలకు మందు ఇవ్వకుండా ఉంచడం న్యాయం కాదని, అనుకున్న గడువుకు 8 నెలల ముందే ఆ పరీక్ష ఆపేశారు. పుట్టిన పిల్లలందరికీ మడమ పరీక్షలో సికిల్ సెల్‌ని చేర్చాలన్న వాదనకు బలం వచ్చింది అక్కడే. మందు చవకదే, పాతదే. ‘ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు యాంటీబయాటిక్ ఎందుకు’ అన్న మీ ప్రశ్న మిగతా పిల్లలందరి విషయంలో నూటికి నూరుపాళ్లు సరైనది. మీ బాబు విషయంలో మాత్రం, అది పోబోతున్న ప్లీహం స్థానంలో కాపలా.

ఐదేళ్లు రోజుకు రెండుసార్లంటే మరిచిపోవడం తప్పదు. ఒక పూట తప్పితే గాభరా పడకండి, గుర్తురాగానే ఇచ్చేయండి. తర్వాతి డోసు వేళ అయిపోతే మాత్రం రెండూ కలిపి పోయకండి. పొడిలో నీళ్లు కలిపి తయారుచేసే మందు కాబట్టి కలిపాక ఫ్రిజ్‌లో పెట్టాలి, సీసా మీద రాసిన గడువు దాటితే మిగిలినా పారబోయాలి. చాలామంది తల్లులు జారిపోయేది ఇక్కడే. సీసా అయిపోయిన రోజు సెలవు అవుతుంది, ‘రేపు తెద్దాం’ నాలుగు రోజులవుతుంది. కొత్త సీసా పాతది అయిపోకముందే ఇంట్లో ఉండాలి. చెంచాతో కొలవకండి, సూది లేని సిరంజితో బుగ్గ లోపలి పక్కకు కొంచెం కొంచెంగా వదలండి. నాలుక మీద పోస్తే ఉమ్మేస్తాడు. మందు తాగాక ఒంటిమీద దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం లాంటివి కనిపిస్తే ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి. పెన్సిలిన్ పడని పిల్లలకు వేరే మందు ఉంది. ఇంకో సలహా: సీసా చూస్తే ఏడుపొస్తోందన్నారు కదా, రాత్రి డోసు మీవారికి అప్పగించండి. ఫోన్‌లో చదివేదానికన్నా ఆయన బాబుకు ఇప్పుడు చేయగలిగిన పెద్ద వైద్యం అదే.

టీకాల్లో ఒక్కటి కూడా వెనక్కి జరగకూడదు. ముఖ్యంగా న్యూమోకాకల్, హిబ్ టీకాలు. ఆరు నెలలు దాటాక ఏటా ఫ్లూ టీకా. మామూలు పిల్లల పట్టికలో లేని అదనపు టీకాలు కొన్ని ఈ పిల్లలకు ఉంటాయి, అడిగి రాయించుకోండి.

పెన్సిలిన్ ఇస్తున్నాం కదా అని జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకండి. మందు తాగుతున్నవాళ్లలోనూ ఇద్దరికి వచ్చిందని పైన రాశాను. ఇంట్లో మంచి థర్మామీటరు ఉండాలి. నుదుటి మీద చెయ్యి పెట్టి ‘కొంచెం వెచ్చగా ఉంది’ అనుకోవడం మీకు ఇకమీదట చాలదు. ఇప్పుడున్న వయసులో, అంటే మూడు నెలల లోపు, 100.4 ఫారెన్‌హీట్ దాటిందంటే ఏ బిడ్డనైనా వెంటనే చూపించాల్సిందే. ఆ తర్వాత సికిల్ సెల్ పిల్లలకు హద్దు 101కి అటూఇటూగా పెడతారు. మీ డాక్టరు చెప్పిన అంకె థర్మామీటరు డబ్బా మీదే రాసి పెట్టుకోండి. ఆ అంకె దాటితే అర్ధరాత్రైనా ఆస్పత్రికే. జ్వరం మందు పోసి, తగ్గుతుందేమో తెల్లారేదాకా చూద్దామన్నది ఈ బిడ్డ విషయంలో పనికిరాదు. అంకె కిందికి దిగుతుంది, లోపల బాక్టీరియా అలాగే ఉంటుంది. అక్కడికి వెళ్లాక వరుసలో కూర్చోకండి. ‘మా బాబుకు సికిల్ సెల్ ఉంది, జ్వరం ఇంత ఉంది’ అన్నది మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట కావాలి. రక్తంలో బాక్టీరియా ఉందేమో చూసే కల్చర్ పరీక్షకు తీసి, రిపోర్టు కోసం ఆగకుండా ఇంజెక్షన్ వేస్తారు. చాలాసార్లు అది మామూలు జలుబు జ్వరమే అవుతుంది. ‘ఊరికే వచ్చారు’ అని ఎవరైనా విసుక్కున్నా పట్టించుకోవద్దు.

రెండో విద్య, ప్లీహం తడిమి చూడటం. ఇది తల్లిదండ్రులు నేర్చుకోగలరా అని చాలామంది సందేహపడతారు. జమైకాలో 1973లో మొదలుపెట్టి లక్ష మంది నవజాత శిశువులకు పరీక్షలు చేసి, జబ్బు ఉన్నవారిని ఏళ్ల తరబడి గమనించారు. కొందరు పిల్లల్లో ఉన్నట్టుండి రక్తమంతా ప్లీహంలో చేరి నిలిచిపోయేది, పొట్ట ఉబ్బి, బిడ్డ గంటల్లో పాలిపోయేవాడు. మొదట్లో అలా జరిగిన ప్రతి నూరు సందర్భాల్లో ముప్ఫై దాకా మరణాలుండేవి. తల్లులకు ప్లీహం తడమడం నేర్పాక అది నూటికి మూడు దగ్గరకు దిగింది. కొత్త మందేమీ రాలేదు, తల్లుల వేళ్లకు తెలిసింది, అంతే.

ఎలా చూడాలో మీ డాక్టరు దగ్గరే, మీ బాబు పొట్ట మీదే నేర్చుకోవాలి. అయినా పద్ధతి చెబుతాను. బాబు ఏడవకుండా, పొట్ట మెత్తగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టండి. మీ చెయ్యి చల్లగా ఉంటే ముందు రుద్దుకోండి. బాబు ఎడమ తొడ పైనుంచి మొదలుపెట్టి, రెండు మూడు వేళ్లతో మెల్లగా నొక్కుతూ పక్కటెముకల వైపు పైకి జరగండి. నేరుగా పక్కటెముకల కింద మొదలుపెట్టకూడదు. ప్లీహం బాగా పెరిగి ఉంటే మీ వేళ్లు దాని మీదే ఉంటాయి, అంచు తెలియదు. ముక్కు కొసంత గట్టిగా ఏదైనా వేలికి తగిలితే అదే. ఒక ఐస్‌క్రీమ్ పుల్ల తీసుకుని, ఒక కొస పక్కటెముక అంచున ఆనించి, ప్లీహం అంచు వచ్చిన చోట పెన్నుతో గీత పెట్టండి. ఆ పుల్లే మీ రికార్డు. ఇప్పుడు ఏమీ తగలకపోవచ్చు. తగలనప్పుడు ఎలా ఉంటుందో వేళ్లకు అలవాటైతేనే తగిలినప్పుడు తెలుస్తుంది. మూడో నెల దాటాక రోజూ స్నానం తర్వాత ఒకసారి చూడండి. గీత దాటి పెరిగినా, పెదవులు, అరచేతులు తెల్లబడి బిడ్డ డీలాపడినా, వెంటనే ఆస్పత్రికి. అప్పుడు రక్తం ఎక్కించాలి, అదీ జాగ్రత్తగా కొద్దికొద్దిగా.

ఆరు నెలలు దాటాక మరొకటి కనిపించవచ్చు. చేతుల వెనుక, పాదాల మీద వాపు, ముట్టుకుంటే ఏడుపు. ఎవరో పడేశారని, ఏదో కుట్టిందని అనుకుంటారు. అది ఎముకల్లో రక్తం ఆడక వచ్చే నొప్పి. వెచ్చగా ఉంచి, పాలు ఎక్కువసార్లు పట్టించి, డాక్టరు చెప్పిన నొప్పి మందు ఇవ్వాలి. ఐసు మాత్రం పెట్టకండి, చల్లదనానికి నాళాలు ఇంకా ముడుచుకుంటాయి.

తొమ్మిది నెలలు వచ్చేసరికి హైడ్రాక్సీయూరియా అనే మందు మాట ఎత్తుతారు. మీ డాక్టరు ఎత్తకపోతే మీరే అడగండి. అది ఒంట్లో ఎఫ్ రకం హిమోగ్లోబిన్‌ని మళ్లీ పెంచుతుంది. తొమ్మిది నుంచి 18 నెలల పిల్లల మీద జరిగిన ‘బేబీ హగ్’ పరీక్ష 2011లో ఫలితాలిచ్చింది, నొప్పులూ, చేతుల వాపులూ బాగా తగ్గాయి. 2014లో అమెరికా మార్గదర్శకాలు, లక్షణాలు ఉన్నా లేకున్నా తొమ్మిది నెలలు నిండిన పిల్లలకు ఇది ఇవ్వజూపాలన్నాయి. క్యాన్సర్ వైద్యంలో కూడా వాడతారన్న మాట విని చాలామంది వెనకడుగు వేస్తారు. ఇక్కడ వాడే మోతాదు వేరు, లెక్క వేరు. క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేస్తూ తెల్లకణాలు తగ్గకుండా చూసుకుంటే సరిపోతుంది. రెండేళ్లు నిండాక ఏటా తలకు డాప్లర్ స్కానింగ్ చేస్తారు, మెదడు రక్తనాళాల్లో వేగం పెరిగిన పిల్లల్ని పక్షవాతం రాకముందే గుర్తించడానికి. ఇవన్నీ మీ దారిలో వచ్చే మజిలీలు, ఈ రాత్రే తేల్చాల్సినవి కావు.

మీవారికి ప్రత్యేకంగా ఒక పేరా. ఆయన చదువుతున్న జీన్ థెరపీ కల్లబొల్లి కాదు. ఎఫ్ హిమోగ్లోబిన్‌ని ఆపేసే స్విచ్ ఒకటి మన జన్యువుల్లో ఉంది, బీసీఎల్11ఎ అని. రక్తాన్ని తయారుచేసే సొంత మూలకణాల్ని బయటికి తీసి, ఆ స్విచ్‌ని కత్తిరించి తిరిగి ఎక్కిస్తే ఎఫ్ మళ్లీ తయారవుతుంది. అంటే డాక్టర్ వాట్సన్ 1948లో చూసినదాన్నే, మీ బాబు ఒంట్లో ఇప్పుడు తనంతట తానే ఉన్నదాన్నే, ఎన్నో కష్టాలు పడి తిరిగి తెప్పించుకోవడం. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా దీనికి మొదట అనుమతిచ్చింది 12 ఏళ్లు, ఆపై వయసువారికే. రక్తం తయారయ్యే ఎముక మూలుగను ఖాళీ చేయడానికి ముందు గట్టి కీమోథెరపీ ఇవ్వాలి. జుట్టు ఊడటం చిన్న విషయం. వారాల తరబడి ఇన్‌ఫెక్షన్ల భయం ఉంటుంది, రేపు పిల్లలు పుట్టే అవకాశం మీద కూడా దెబ్బ పడవచ్చు. ఏడు వారాల బిడ్డకు చేసేది కాదిది. ఆస్తులు అమ్మనక్కర్లేదు. బాబు పెద్దయ్యేలోపు ఈ రంగం ఇంకా ముందుకు పోతుంది. అప్పటిదాకా బాబు ప్లీహం, మెదడు, కిడ్నీలు దెబ్బతినకుండా చూసుకోవడమే ఆ వైద్యానికి తయారవడం.

ఎముక మూలుగ మార్పిడి సంగతి వేరు. సొంత అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో హెచ్‌ఎల్‌ఏ (కణాల మీద ఉండే గుర్తింపు గుర్తులు) కలిసినవాళ్లుంటే, చిన్న వయసులో చేసినప్పుడు నూటికి 90 మందికి పైగా జబ్బు నుంచి బయటపడుతున్నారు. మీకు బాబు ఒక్కడే. రేపు ఇంకో బిడ్డ పుడితే, కలిసే అవకాశం నాలుగింట ఒకటి, జబ్బు లేకుండా పుట్టే అవకాశం నాలుగింట మూడు. రెండూ కుదరడం పదహారింట మూడు. క్యారియర్ అయినా దాతగా పనికొస్తారు. ఆ బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచాలంటే కాన్పుకు ముందే మాట్లాడుకోవాలి. మీ బాబు సొంత బొడ్డుతాడు రక్తం దాచి ఉన్నా అది ఈ జబ్బుకు పనికిరాదు, అందులోనూ అదే జన్యువు ఉంటుంది. మందు కోసమని మాత్రం ఇంకో బిడ్డను కనకండి.

ఈ ఉత్తరం చదివే మిగతా తల్లిదండ్రులకు ఒక మాట. పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బులన్నీ ఇలా నెలల తరబడి దాక్కోవు. బీటా తలసీమియా మేజర్ దాక్కుంటుంది. ఆర్నెల్ల తర్వాత పాలిపోవడం మొదలై, మూడు నాలుగు వారాలకోసారి రక్తం, దాంతోపాటు చేరే ఐరన్ తీసేసే మందు కావలసి వస్తుంది. ఎర్రకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్ తక్కువగా ఉండే జీ6పీడీ లోపం మొదటి వారంలోనే పచ్చకామెర్లుగా కనబడొచ్చు. నీలికాంతి కింద పెట్టి ఆ గట్టు దాటిస్తే, కొన్ని మందులు, బట్టల్లో పెట్టే నాఫ్తలీన్ ఉండలు దూరంగా ఉంచితే దాదాపు మామూలు జీవితమే. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా అయితే కొన్నిసార్లు ఆ మడమ పోటే చెబుతుంది, రక్తం ఓపట్టాన ఆగదు. ఇంట్లో ఎవరికీ లేదని కొట్టిపారేయకండి, దాదాపు మూడింట ఒకవంతు మంది కుటుంబంలో వాళ్లే మొదటివాళ్లు.

మళ్లీ మీ దగ్గరికి. బాబు కాస్త పాలిపోయినట్టుంటే ఎవరో ఐరన్ టానిక్ తెచ్చిస్తారు. ఇది ఐరన్ తక్కువై వచ్చే రక్తహీనత కాదు. పరీక్షలో తక్కువని తేలితే తప్ప పోయకండి. ఈ జబ్బును మూడు నెలల్లో తుడిచేస్తామనేవాళ్ల నంబర్లు కూడా వస్తాయి. వాళ్లకు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా, వాళ్ల మాట విని పెన్సిలిన్ మాత్రం ఆపకండి.

మీరు ఏ తప్పూ చేయలేదు. కడుపుతో ఉన్నప్పుడు ఏం చేసినా, ఏం చేయకపోయినా ఇది మారేది కాదు. జన్యువులో ఒక్క అక్షరం మారి, హిమోగ్లోబిన్ గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వచ్చింది. అది మీ ఇద్దరికీ తలొకటి ఉండాలి, లేదా మీలో ఒకరికి అది, మరొకరికి పైన చెప్పిన బీటా తలసీమియా జన్యువు. తోడుగా మంచి జన్యువు ఉండటంతో మీకు తెలియలేదు. ఒక్క జన్యువు ఉన్నవాళ్లను అది తీవ్రమైన మలేరియా నుంచి కాపాడుతుంది. అందుకే వేల ఏళ్లుగా నిలిచిపోయింది. ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, ఏమీ లేకుండా పుట్టేది నాలుగింట ఒకటి, మీలాగే క్యారియర్ అయ్యేది సగం. ‘మా వంశంలో లేదు’ అన్న అత్తగారితో వాదించకండి. మీవారికి అది మామగారి నుంచో ఆవిడ నుంచో వచ్చిందన్నది లెక్క ప్రకారం తప్పదు, కానీ ఆ లెక్క ఆవిడ మీద విసరడం వల్ల బాబుకు వచ్చేదేమీ లేదు. వీలైతే తర్వాతిసారి డాక్టరు దగ్గరికి ఆవిడను తీసుకెళ్లండి. జ్వరం హద్దు, ప్లీహం తడమడం ఆవిడకూ నేర్పించండి. బిడ్డను ఎక్కువసేపు ఎత్తుకునేది ఆవిడే అయితే ముందు తెలిసేదీ ఆవిడకే.

ఆడపడుచు విషయంలో ఇంట్లోవాళ్లు చేస్తున్నది పొరపాటు. మీవారు క్యారియర్ అంటే, వాళ్ల అమ్మానాన్నల్లో ఒకరైనా క్యారియరే. కాబట్టి ఆమెకూ సగం అవకాశం ఉంది. ఆమె క్యారియర్ అయినంత మాత్రాన బిడ్డకు జబ్బు రాదు. ఆమె భర్తలో కూడా సికిల్ సెల్, బీటా తలసీమియా లాంటి జన్యువు ఉంటేనే చిక్కు. మామూలు రక్తపరీక్షలో ఇది దొరకదు, క్యారియర్‌కి అన్ని అంకెలూ బాగానే ఉండవచ్చు. హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ చేయమని పేరు పెట్టి అడగాలి. మూడో నెల కాబట్టి ఒకరి తర్వాత ఒకరు కాకుండా భార్యాభర్తలిద్దరూ ఒకేరోజు రక్తం ఇస్తే మంచిది. ఇద్దరికీ ఉందని తేలితే మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు 10 నుంచి 13 వారాల మధ్య వీలుంటుంది, అది దాటితే 15వ వారం నుంచి ఉమ్మనీటి పరీక్ష. చేయించుకోవాలా వద్దా, తేలాక ఏం చేయాలన్నది వాళ్లిద్దరి ఇష్టం. ఏదీ వద్దనుకున్నా, పుట్టగానే బిడ్డ మడమ పరీక్ష చేయించి రిపోర్టు చేతికి వచ్చేదాకా వదలకూడదు. మీరు చెబితే మాట పట్టింపులు రావచ్చు. వాళ్లన్నయ్యనే ఫోన్ చేయమనండి, రెండు పరీక్షల పేర్లూ మెసేజ్‌లో పంపమనండి, ఈ వారంలోనే.